గుప్పెడు ఊపిరి

జూన్ 4, బుధవారం

ఆడపిల్ల. నెలలు నిండకుండానే వచ్చేసింది. బరువెంతో చెబితే నమ్మలేదు, మళ్ళీ తూచమన్నాను. మళ్ళీ తూచారు. అంతే ఉంది.

మా ఆవిడకి బీపీ పెరిగి, ఫిట్స్ వచ్చి, ఆపరేషన్ చేసి పాపని తీశారు. ఆమె ఇంకా కళ్ళు తెరవలేదు. ఆమె పాత బిల్డింగులో పై అంతస్తులో ఉంది, పాప కొత్త బిల్డింగులో పసిపిల్లల వార్డులో ఉంది. రెంటికీ మధ్య సైకిల్ స్టాండు. ఇవాళంతా ఆ స్టాండు చుట్టూ తిరగడమే నా పని అయింది.

లేడీ డాక్టరు పక్కకి పిలిచి ఒక మాట చెప్పింది. అది ఇక్కడ రాయను.

జూన్ 5

ఈ డైరీలో ఇన్నాళ్ళూ డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళ సంగతులే రాశాను. ఎవరు క్లచ్ మీద నుంచి కాలు తీయరు, ఎవరు అద్దం చూడరు, ఎవరు మలుపు దగ్గర కళ్ళు మూసుకుంటారు, అవన్నీ. పక్క సీట్లో కూర్చుని రెండో బ్రేకు మీద కాలు పెట్టుకోవడం నా ఉద్యోగం. ఇక్కడ నాకు ఏ బ్రేకూ లేదు.

పాపని అద్దంలోంచి చూపించారు. వార్మర్ కింద ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన పడుకోబెట్టారు, వాళ్ళలో చిన్నది మాది. ముక్కులో సన్నని ట్యూబు, పాదానికి పట్టీ వేసి ఒక తీగ. నా గుప్పెట్లో పట్టేస్తుంది. ఇంకా పేరు పెట్టలేదు కాబట్టి ప్రస్తుతానికి గుప్పెడు అని పిలుచుకుంటున్నాను.

పిల్లల డాక్టరు కుర్రవాడే, కానీ నిదానస్తుడు. "ఊపిరితిత్తులు ఫరవాలేదండీ. ఇప్పుడు కావలసింది వెచ్చదనం. తల్లి గుండెల మీద, చర్మానికి చర్మం ఆనేలా కట్టి ఉంచితే వార్మర్ కన్నా బాగా కోలుకుంటారు ఇలాంటి పిల్లలు" అన్నాడు.

"తల్లికి స్పృహ లేదు కదండీ."

"అమ్మమ్మగారు?"

మా అత్తయ్యకి విపరీతమైన దగ్గు. పసిపిల్లల దగ్గరికి రానివ్వడం లేదు. పైగా మా ఆవిడ దగ్గర ఆమే ఉండాలి.

"నాకూ గుండె ఉంది కదండీ" అన్నాను.

ఆయన వార్డు పెద్ద సిస్టర్ వైపు చూశాడు. ఆవిడ నా వైపు చూడకుండానే చెప్పింది. "లోపల తల్లులు పాలిస్తుంటారు. మగవాళ్ళకి ప్రవేశం లేదు."

జూన్ 6

పొద్దున అడిగాను. లేదంది. మధ్యాహ్నం అడిగాను. "మీకు ఒకసారి చెబితే అర్థం కాదా?" అంది. అర్థమయింది, ఒప్పుకోలేదు, అంతే తేడా. సాయంత్రం మళ్ళీ అడిగాను.

మా ఆవిడ కళ్ళు తెరవలేదు. రేపు తెరుస్తుంది.

జూన్ 7

మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. ఇవాళ రుజువు చేశాను.

వార్డులో తల్లులు చేతులు కడుక్కోవడానికి బయట పంపు దగ్గరికి వస్తారు. అక్కడే నిలబడి వచ్చినవాళ్ళందరికీ నా సంగతి చెప్పుకున్నాను. తలుపు పక్క మూల నాకిస్తే చాలు, గోడ వైపు తిరిగి కూర్చుంటాను, అడ్డంగా దుప్పటి కట్టుకుంటాను అన్నాను. ఒకావిడ మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది. ఇంకొకావిడ మా ఆయన్ని అడగాలంది. మూల మంచం అమ్మాయి మాత్రం, కవల పిల్లల తల్లి, తడి చేతులు విదిలించుకుంటూ నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"కూర్చో అన్నయ్యా, మాకేం పోయింది. గురక పెట్టావంటే మాత్రం మంచంతో సహా బయట పడేస్తాం."

"నిద్రపోనమ్మా."

"అందరూ అలాగే అంటారు. ఒక పిల్లతో కూర్చుని చూడు, నాకు ఇద్దరు" అని లోపలికి వెళ్ళి ఏం మాట్లాడిందో ఏమో, మధ్యాహ్నానికల్లా పెద్ద సిస్టర్ తలుపు తీసి, "స్నానం చేసి, గోళ్ళు కత్తిరించుకుని, ఉతికిన చొక్కా వేసుకుని రండి. ముందు గుండీలున్న చొక్కా" అంది.

పరుగెత్తి వెళ్ళి అత్తయ్యకి చెప్పాను. ఆవిడ నా ఛాతీ వైపు అనుమానంగా చూసింది. "అంత జుట్టు పెట్టుకుని పసిగుడ్డుని ఎలా పడుకోబెట్టుకుంటావు బాబూ? దానికి గుచ్చుకోదూ?" నిజమే అనిపించి నున్నగా గీసేసుకుని వెళ్ళాను. పెద్ద సిస్టర్ చూసి, "ఇదెవరు చేయమన్నారు?" అని మొదటిసారి నవ్వింది. అవసరం లేదట. ఇప్పుడు ఒళ్ళంతా దురద, గోక్కోవడానికి లేదు.

పాపని గుండెల మీద పెట్టారు. డైపరూ టోపీ తప్ప ఏమీ లేదు. కప్పలా కాళ్ళు ముడిచి, చెంప నాకు ఆనించి పడుకోబెట్టి, వెడల్పాటి గుడ్డతో కట్టేశారు. మెడ వంగకూడదు, గడ్డం ఛాతీకి తగలకూడదు, మొహం ఎప్పుడూ ఒక పక్కకి ఉండాలి అని సిస్టర్ చెబుతుంటే, నా దగ్గర నేర్చుకునే కుర్రాళ్ళలా అన్నిటికీ తలూపాను.

బరువే లేదు. వేడి మాత్రం తెలుస్తోంది. ఏడ్చాను.

జూన్ 9, సోమవారం

కళ్ళు తెరిచింది. మా ఆవిడ. నీళ్ళు అడిగింది. తర్వాత పాప ఏదని అడిగింది. ఇంతకన్నా రాయడానికి చెయ్యి రావడం లేదు.

జూన్ 10

నిన్నటి సంతోషం ఇవాళ పొద్దుటికే పోయింది.

పాప నా మీదే ఉంది. పక్కన మానిటర్‌లో ఆక్సిజన్ అంకె పడుతుంటుంది. తొంభై ఆరు, తొంభై ఏడు. దాన్నే చూస్తూ కూర్చున్నాను. కదిలితే పాప నిద్ర చెడుతుందని నా ఊపిరి కూడా సగం సగం తీసుకుంటున్నాను. అంకె బాగుంది కాబట్టి అంతా బాగుందనుకున్నాను. పెద్ద సిస్టర్ అటుగా పోతూ ఆగి, ఒక్క అంగలో వచ్చి, గుడ్డ కిందికి చెయ్యి పెట్టి పాప అరికాలు గట్టిగా రుద్దింది. అప్పుడు చూశాను, పాప పెదాలు నీలంగా ఉన్నాయి. ఆ తర్వాత గానీ అలారం మోగలేదు. పాప ఒక్కసారి ముక్కి, ఊపిరి తీసుకుంది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"నెల తక్కువ పిల్లలు ఒక్కోసారి ఊపిరి తీసుకోవడం మర్చిపోతారు. అరికాలు రుద్దితే గుర్తొస్తుంది. అంకె ఆలస్యంగా చెబుతుందండీ, మొహం ముందే చెబుతుంది. మొహం చూడండి" అంది సిస్టర్. "ఇంకో మాట, మీరు రాయిలా బిగుసుకోకండి. హాయిగా ఊపిరి తీసుకోండి. మీ గుండె లేస్తూ పడుతూ ఉంటే దానికీ తెలుస్తుంటుంది."

గేరు కడ్డీ చూడకురా, రోడ్డు చూడు అని ఎన్ని వందల మందిని కసిరానో. నేను చేసిందేమిటి మరి?

మధ్యాహ్నం పాత బిల్డింగుకి వెళ్ళాను. మా ఆవిడ గొంతు ఇంకా బొంగురుగా ఉంది. "ఎలా ఉందండీ? ఏడుస్తోందా?"

"బంగారం. చాలా కుదురైన పిల్ల. గుండెల మీద పడుకోబెట్టుకుంటే కదలకుండా మెదలకుండా నిద్రపోతుంది" అన్నాను.

ఆమె నవ్వింది. ఇప్పుడు ఆమెకి కావలసింది అదే. బీపీ ఇంకా దిగలేదు.

జూన్ 11

బాగుంది. ట్యూబులో పాలు పెంచారు. బయటి పాలు కాదు, వేరే తల్లులు ఇస్తే పక్క వార్డులో దాచి ఉంచే తల్లిపాలే. మా ఆవిడకి కూడా పాలు పడుతున్నాయట, అత్తయ్య గిన్నెలో పిండించి తెచ్చి నా చేతికిచ్చింది. అడుగున నాలుగు చుక్కలున్నాయి. సైకిల్ స్టాండు దాటేటప్పుడు ఆ గిన్నెని పట్టుకున్నంత జాగ్రత్తగా నేను స్టీరింగ్ కూడా పట్టుకోలేదు.

జూన్ 13

ఇంకోసారి మర్చిపోయింది. ఈసారి నేనే చూశాను. కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చుంటున్నాను కాబట్టి, ముక్కు చుట్టూ రంగు మారడం అలారం కన్నా ముందే పట్టేశాను. అరికాలు రుద్దాను. తీసుకుంది. సిస్టర్ వచ్చేసరికి అంతా అయిపోయింది. "బాగా చేశారు" అంది. నాకు లైసెన్సు వచ్చినట్టనిపించింది.

అత్తయ్యకి చెప్పలేదు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు, నిమిషంలో మా ఆవిడ చెవిన పడుతుంది. మా ఆవిడకి చెప్పాల్సిన అవసరం ఇప్పుడు లేదు. లేచి తిరిగే మనిషైతే చెప్పేవాణ్ణి. మంచం మీదున్న మనిషికి చెప్పి ఏం లాభం? బీపీ పెరుగుతుంది. పాపని చూసుకోవడానికి నేనున్నాను.

జూన్ 14

మా ఆవిడ ఏదో పసిగట్టింది. "నిజంగా బాగుందా?" అని అడిగింది. "నీ మీద ఒట్టు" అన్నాను. ఒట్టు పెట్టడం దేనికి, ఆ మాట అనకుండా ఉండాల్సింది. అయినా బాగానే ఉంది కదా. అన్న మాటలో అబద్ధం లేదు.

జూన్ 15

బాగుంది.

జూన్ 16

మా ఆవిడని రేపు చక్రాల కుర్చీలో తీసుకురావచ్చని లేడీ డాక్టరు చెప్పింది. అత్తయ్య దగ్గుతూనే ఆమెకి జడ వేసింది. పాపని కలవడానికి పెళ్ళిచూపులకి వెళ్ళినట్టు సిద్ధమవుతోందని ఏడిపించాను. "అది నన్ను గుర్తుపడుతుందంటారా?" అంది. "నీ గొంతు ఇన్ని నెలలు లోపల నుంచి విన్న పిల్ల, గుర్తుపట్టకపోతే నేను అడుగుతాను" అన్నాను.

పెద్ద సిస్టర్ అడిగింది. "అమ్మకి అన్నీ చెప్పారా? పాప ఊపిరి సంగతీ, అరికాలు సంగతీ?"

"చెప్పానండీ" అన్నాను.

రేపు తీసుకువచ్చేటప్పుడు దారిలో నెమ్మదిగా చెబుతాను.

జూన్ 17

రాయలేను.

జూన్ 18, బుధవారం

రాయాలి. రాస్తాను.

నిన్న దారిలో చెప్పలేదు. కుర్చీ తోస్తున్నంతసేపూ ఆమె ఎంత సంతోషంగా ఉందంటే, వచ్చేపోయే ప్రతివాళ్ళకీ "మా పాప దగ్గరికి వెళుతున్నాను" అని చెబుతోంది. అలాంటి మనిషికి ఏం చెప్పను? ముందు ఒకసారి ఎత్తుకోనీ, తర్వాత చెబుదాం అనుకున్నాను.

తల్లి వచ్చింది కాబట్టి నేను లోపలికి వెళ్ళకూడదు, అద్దం బయట నిలబడ్డాను. పాపని ఆమె గుండెల మీద పెట్టి కట్టారు. పాపని మార్చేటప్పుడు పాదానికున్న ఆక్సిజన్ తీగ ఊడి, మానిటర్‌లో అంకె ఆగిపోయింది. పట్టీ తడిసిపోయిందని సిస్టర్ కొత్తది తేవడానికి పక్క గదికి వెళ్ళింది. మా ఆవిడ తల వంచి పాపని చూస్తూ నవ్వుతోంది. నన్ను చూసి, నిద్రపోయింది అన్నట్టు సైగ చేసింది. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు తల్చుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

మూల మంచం అమ్మాయి లేచి నిలబడి కేక పెట్టింది. "సిస్టర్, ఆ పాప రంగు చూడండి."

మా ఆవిడకి అర్థం కాలేదు. "ష్, నిద్రపోతోంది" అంది ఆ అమ్మాయితో. తలుపు తోసుకుని నేను లోపలికి వెళ్ళేలోపే సిస్టర్ వచ్చేసింది. అరికాలు రుద్దింది, వీపు రుద్దింది. ఊపిరి రాలేదు. కట్టు విప్పి, పాపని వార్మర్ మీదికి తీసుకుపోయి, మూతి మీద చిన్న మాస్కు పెట్టి దానికున్న గాలి సంచీ నొక్కింది. డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. నేను తలుపు దగ్గరే ఉన్నాను. నా కుడి కాలు నేలని తొక్కుతూనే ఉంది. ఎంత తొక్కినా ఆగేది ఏముంది అక్కడ?

పాప ఏడ్చింది. పిల్లి కూనలా ఏడ్చింది. మాస్కు తీసేశాక కూడా ఏడ్చింది.

పెద్ద సిస్టర్ నా దగ్గరికి వచ్చింది. గొంతు పెంచలేదు. "చెప్పానన్నారు."

ఆవిడ చూపు తప్పించి వార్మర్ వైపు చూశాను.

"మీరు డ్రైవింగ్ నేర్పుతారట కదా. బ్రేకు సరిగా పడని బండిని, అంతా బాగుందని చెప్పి ఎవరి చేతికైనా ఇస్తారా?"

ఇవ్వను. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఇవ్వలేదు.

అదే రోజు, సాయంత్రం

పాప వార్మర్ మీద ఉంది. ఇన్‌ఫెక్షన్ ఏమైనా ఉందేమోనని రక్తం తీశారు. ఇక ఊపిరి మర్చిపోకుండా వారం గడిస్తే గానీ ఇంటికి పంపరట.

మా ఆవిడ నిన్నటి నుంచి నాతో మాట్లాడలేదు. అన్నం తిన్నది, మందులు వేసుకున్నది, పాలు పిండి గిన్నె నా వైపు జరిపింది. ఇవాళ అత్తయ్యని బయటికి పంపించి, "కుర్చీ దగ్గరికి లాక్కోండి" అంది. లాక్కున్నాను.

"నిద్రపోతోందనుకున్నాను" అంది. "నా మీద పడుకుని నిద్రపోతోందని ఎంత మురిసిపోయానో మీకు తెలుసా? కుదురైన పిల్ల అన్నారు. కదలకుండా మెదలకుండా నిద్రపోతుందన్నారు. అలాగే పడుకుంది కదా అనుకున్నాను."

"నీకు బీపీ పెరుగుతుందని..."

"పెరిగితే మందులున్నాయి. డాక్టర్లున్నారు. దానికి అప్పుడు నేను తప్ప ఎవరున్నారు?"

క్షమించమన్నాను. ఆమె వినిపించుకోలేదు.

"మొదటి నుంచి చెప్పండి. పుట్టిన దగ్గర నుంచి. ఏదీ వదలకండి."

చెప్పాను. బరువు, ట్యూబు, నీలం పెదాలు, నేను అంకె చూస్తూ కూర్చోవడం, రెండోసారి నేనే పట్టుకోవడం, సిస్టర్‌తో అబద్ధమాడటం. ఛాతీ గీసుకోవడం కూడా చెప్పాను. అక్కడ ఆమెకి కొంచెం నవ్వు వచ్చింది, వెంటనే సర్దుకుంది.

"ఇప్పుడు నా సంగతి."

"నీ సంగతేముంది?"

"ఏమండీ."

ఇక తప్పలేదు. లేడీ డాక్టరు ఆ రోజు నన్ను పక్కకి పిలిచి అన్న మాట చెప్పాను. పాప బతకవచ్చు, తల్లి సంగతి చెప్పలేం, దగ్గరివాళ్ళకి కబురు పెట్టుకోండి అంది. ఎవరికీ కబురు పెట్టలేదు. పెడితే నిజమవుతుందేమోనని భయమేసింది. ఇక్కడ రాయడానికి కూడా భయపడ్డాను. ఇప్పుడు రాశాను.

ఆమె చాలాసేపు నా చెయ్యి పట్టుకుని ఉంది. ఏడుస్తుందనుకున్నాను, నేనే ఏడ్చాను.

"ఒకటి చెబుతాను వినండి" అంది తర్వాత. "ఇక మీదట మీరు నాకు ధైర్యం చెప్పకండి. నిజం చెప్పండి. ధైర్యం సంగతి నేను చూసుకుంటాను."

జూన్ 20

రక్తంలో ఇన్‌ఫెక్షన్ లేదు. విన్న వెంటనే వెళ్ళి మా ఆవిడకి చెప్పాను. బరువు నిన్నటికన్నా కాస్త తగ్గింది. అది కూడా చెప్పాను. "ఎంత తగ్గింది?" అంది. చెప్పాను. "సరే, ఇంకా ఎక్కువ పిండుతాను" అంది.

పెద్ద సిస్టర్ ఇద్దరినీ కూర్చోబెట్టి బొమ్మ మీద నేర్పింది. మెడ ఎలా ఉంచాలి, రంగు ఎక్కడ చూడాలి, అరికాలు ఎలా రుద్దాలి, రుద్దినా రాకపోతే ఏం చేయాలి, ఎవరిని పిలవాలి. మా ఆవిడ మళ్ళీ మళ్ళీ చేసింది. చేతికి సెలైన్ గుచ్చిన చోట ఇంకా నల్లగా ఉంది, అయినా ఆపలేదు. నాకు ఒకచోట తప్పు వచ్చింది, ఆమెకి రాలేదు.

జూన్ 21

ఆమె గుండెల మీదికి పాప మళ్ళీ వెళ్ళింది. భయపడుతుందేమోనని చూశాను. భయపడింది. అయినా "ఇవ్వండి" అంది. కట్టు బిగించుకుని, మొహం వంచి, కన్నార్పకుండా కూర్చుంది. మధ్యలో ఎవరో పలకరిస్తే తల ఎత్తకుండానే జవాబిచ్చింది.

మగవాళ్ళకి ప్రవేశం లేదన్న మాట ఇప్పుడు ఎవరూ అనడం లేదు. ఆమె అలిసిపోగానే నేను తీసుకుంటున్నాను. దుప్పటి అడ్డం కట్టుకునే ఉంటున్నాను. మూల మంచం అమ్మాయి తన కవలల్లో ఒకణ్ణి వాళ్ళ ఆయనకి అప్పగించాలని చూస్తోందట. "ఆయన ఛాతీ గీసుకోనంటున్నాడు అన్నయ్యా" అంది. అవసరం లేదని చెప్పానే గానీ, నమ్మలేదు.

జూన్ 24

ఇవాళ రెండు మంచి పనులు జరిగాయి. పాప ట్యూబు లేకుండా తాగింది. మా ఆవిడ కుర్చీ లేకుండా సైకిల్ స్టాండు దాటింది.

జూన్ 25

వారం గడిచింది, రేపో మాపో ఇంటికి పంపుతారనగా, మధ్యాహ్నం మళ్ళీ మర్చిపోయింది. తల్లి మీద ఉంది. ఆమే చూసింది, ఆమే రుద్దింది, ఊపిరి వచ్చాక సిస్టర్‌ని పిలిచింది. తర్వాత నన్ను పిలిచి చెప్పింది. లెక్క మళ్ళీ మొదటికి వచ్చింది. రానీ. తాడో పేడో తేలేదాకా ఇక్కడే ఉంటాం.

జూలై 1

బాగుంది. ఈసారి నిజంగానే.

జూలై 4, శుక్రవారం

ఇంటికి తెచ్చాం. డ్రైవింగ్ స్కూలు బండి అడిగి తీసుకున్నాను. ముందు అద్దానికి 'నేర్చుకుంటున్నవారు' అన్న బోర్డు అలాగే ఉంది, తీయాలనిపించలేదు. నెమ్మదిగా నడుపుతున్నానని వెనకవాళ్ళంతా హారన్లు కొట్టారు, కొట్టుకోనీ.

జూలై 7

పగలు నాకు, రాత్రి తనకి అని పంచుకున్నాం. నేను ఇంకా సెలవులోనే ఉన్నాను. అత్తయ్యకి దగ్గు తగ్గింది, వంట ఆవిడ చూసుకుంటోంది. మొహం చూడటం మాత్రం ఇద్దరమే.

జూలై 9

మధ్యాహ్నం పాలు పట్టాక పాపకి చిన్న ఎక్కిళ్ళు వచ్చాయి. రంగు బాగుంది, ఊపిరి బాగుంది, రెండు నిమిషాల్లో తగ్గిపోయాయి. మా ఆవిడ రాత్రంతా మేలుకుని అప్పుడే కన్నంటుకుంది. గదిలోకి వెళ్ళి భుజం తట్టి లేపాను.

"పాపకి ఎక్కిళ్ళు వచ్చాయి. తగ్గాయి" అన్నాను.

ఒక కన్ను తెరిచి, పాప మొహం చూసి, నా మొహం చూసింది.

"సరే" అని, అటు తిరిగి పడుకుంది.